కొత్తచెయ్యి

జూన్ 2, ఆదివారం
ఉదయం 6:10. స్నానం, దీపం, జపం అయ్యాయి. దేవుడి ముందు నిలబడి మాట ఇచ్చాను. నెలాఖరు దాకా:
- పరీక్ష వేళ తప్ప గేమ్ ఆడే ఆ కంట్రోలర్ ముట్టను.
- ఆ గేమ్ గురించి ఎవర్నీ ఒక్క ముక్క అడగను.
- వాళ్ల వాదనల్లో వేలు పెట్టను.
ఇదీ ఒక ఒట్టేనా! యాభై ఏళ్లు ముట్టనిదాన్ని ఇంకో నెల ముట్టకుండా ఉండలేనా?

10:00. కారణం రాసి పెట్టుకుంటాను. అమ్మాయీ అల్లుడూ రెండేళ్లుగా మా ముందుగదిలో ఒక వీడియోగేమ్ తయారు చేస్తున్నారు. కోట, ఏడు గేట్లు, గేటుకో కాపలావాడు. వాణ్ని కొట్టి పడేస్తే తర్వాతి గేటు. ఇరవై ఎనిమిదో తేదీన పెద్ద కంపెనీ నుంచి ఒకావిడ వచ్చి, ఇక్కడే కూర్చుని, మొదటి గేటు ఆడి చూస్తుందట. నచ్చితే గేమ్ బయటికి వస్తుంది. నచ్చకపోతే దుకాణం కట్టేసి ఇద్దరూ ఉద్యోగాల్లో చేరాలి. ఆమెకో ఊరు, అతనికో ఊరు. పిలుపు ఉత్తరాలు వచ్చి బీరువాలో ఉన్నాయి. పెళ్లయి మూడేళ్లు. చెరో ఊరు!

గేమ్ ఎంత కష్టంగా ఉందో కొలవాలంటే ఏనాడూ గేమ్ ఆడని మనిషి కావాలి. ఈ ఇంట్లో అలాంటి చెయ్యి నాదొక్కటే. అల్లుడు దానికి "కొత్తచెయ్యి" అని పేరు పెట్టాడు. ఆదివారం, బుధవారం, అరగంట చొప్పున ఆడాలి. ఎన్నిసార్లు చచ్చానో అతను నోట్‌బుక్‌లో రాసుకుంటాడు.

"అత్తయ్యా, మీ చెయ్యి మాకు థర్మామీటర్ లాంటిది. మధ్యలో ప్రాక్టీసు చేశారంటే థర్మామీటర్ తీసి వేణ్నీళ్లలో ముంచినట్టే."
"అలాగే బాబూ" అన్నాను.
థర్మామీటరట. అత్తగారిని నోట్లో పెట్టుకుని చూస్తాడు కాబోలు.

11:30. మొదటి పరీక్ష అయింది. మొదటి గేటు కాపలావాడి పేరు తాళాలాయన. తాటిచెట్టంత మనిషి, నడుముకి తాళాల గుత్తి, చేతిలో గునపమంత తాళంచెవి. కొట్టేముందు గుత్తి గలగలమంటుంది. అప్పుడు పక్కకి దొర్లాలి. నేను గలగల విని "ఎవరో వచ్చారు" అని వెనక్కి చూశాను. చచ్చాను.
పద్నాలుగుసార్లు చచ్చాను. వాడికి ఒక్క దెబ్బ కూడా తగల్లేదు.
అల్లుడు ఆనందంగా రాసుకున్నాడు. అత్తగారు పద్నాలుగుసార్లు పోతే అంత ఆనందించిన అల్లుణ్ని ఎక్కడా చూడలేదు.

జూన్ 3, సోమవారం
మధ్యాహ్నం 2:15. పిల్లలిద్దరూ కంప్యూటర్ పాఠాలు చెప్పడానికి వెళ్లారు. రోజూ రెండు నుంచి ఐదు దాకా ఉండరు. మా ఆయన బస్సు నడిపే డ్యూటీలో ఉన్నారు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! వెనక గదిలో మిషన్ ముందు కూర్చుని డిపో వాళ్ల యూనిఫారం ప్యాంట్లు మూడు కుట్టేశాను. ఒట్టు భేషుగ్గా నడుస్తోంది.
2:50. ముందుగది దుమ్ము దులిపాను. నా పరీక్షల కోసం విడిగా ఒక కంప్యూటర్ పెట్టారు, దాన్నీ తుడిచాను. కంట్రోలర్ తుడవాలంటే చేత్తో పట్టుకోక తప్పదు కదా. స్క్రీన్ దానంతటదే వెలిగింది.
ముట్టడం వేరు, తుడవడం వేరు.
3:40. తుడవడం అయింది.

జూన్ 5, బుధవారం
పరీక్షలో పన్నెండుసార్లు చచ్చాను. కానీ మూడు దెబ్బలు కొట్టాను!
భోజనాల దగ్గర మొగుడూ పెళ్లాల వాదన. తేలిక పద్ధతి ఒకటి పెట్టాలా వద్దా అని.
అమ్మాయి అంది: "ఓడినవాడికి తను ఎందుకు ఓడాడో తెలియాలి. అది తెలియకపోతే కష్టం కాదు, మోసం."
అల్లుడు: "తేలిక పద్ధతి పెడితే గెలిచినవాడికి విలువేముంది? కష్టంలోనే ఉంది రుచి."
కష్టంలో రుచట! మంచినీళ్ల గ్లాసు కూడా ఎవరైనా చేతికి అందిస్తేనే తాగే మనిషి.
ఆ తర్వాత ఫోన్ తీసి చర్చా గుంపులో జనం రాసినవి చదివి వినిపించాడు. ఒకడు ఈ రకం గేములు మరీ కష్టమని ఏడ్చాడట. ఇంకొకడు "నేను కళ్లు మూసుకుని గెలిచాను" అని రాశాడట. కళ్లు మూసుకున్నవాడు అంత పొడుగు ఉత్తరం ఎలా టైపు చేశాడో!
నేను ఏమీ అనలేదు. పప్పు వడ్డించాను. మూడో మాట నిలబెట్టుకున్నాను.

జూన్ 7, శుక్రవారం
2:05. ముందుగది తుడవాలి.
4:30. తుడిచాను.
ఒక సంగతి తెలిసింది. గలగల వినగానే దొర్లితే తొందరపడ్డట్టే. వాడు తాళంచెవి ఎత్తాక ఎడమ భుజం ఒక్క రవ్వ పైకి లేస్తుంది. మిషన్ సూది కిందికి దిగేముందు పైన ఆగుతుందే, సరిగ్గా అలాగ. ముప్పై ఏళ్లుగా నేను ఆ ఆగడం చూసే వేళ్లు వెనక్కి తీస్తున్నాను. ఈ తాళాలాయన ఎంత?
కొట్టేముందు చెప్పి కొడతాడు పాపం. మా ఆడపడుచులకి ఆ మర్యాద కూడా లేదు.

జూన్ 9, ఆదివారం
గెలిచాను! ఏడుసార్లు చచ్చి, ఎనిమిదోసారి పడగొట్టాను! గేటు తెరుచుకుంది. అమ్మాయి నన్ను కావలించుకుంది.
అల్లుడి మొహం మాత్రం వాడిపోయింది. "కొత్తచెయ్యి వారం తిరక్కుండా గెలిచిందంటే మనది పసిపిల్లల ఆట" అన్నాడు. ఆ గలగల చప్పుడు తీసేస్తారట.
అమ్మాయి "అమ్మ అదృష్టం కొద్దీ గెలిచిందేమో, తొందరపడకు" అంది.
అదృష్టమా? కడుపున పుట్టిన పిల్ల అనాల్సిన మాటేనా!
అప్పుడే చెప్పేయాల్సింది. రోజూ తుడుస్తున్నానని. నోటిదాకా వచ్చింది. కానీ అల్లుడు మొదటిసారి నా వంక గౌరవంగా చూస్తున్నాడు. ఇన్నేళ్లలో నా కుట్టును ఎవరైనా అలా చూశారా?
ఒక్క పూటకి ఏం మునిగిపోతుందిలే.

జూన్ 12, బుధవారం
గలగల లేదు. అయితేనేం, భుజం ఉందిగా. నాలుగు చావులు, తర్వాత గెలుపు.
అల్లుడు జుట్టు పీక్కున్నాడు. ఉన్నదే కొంచెం.
ఉదయం జపం చేస్తుంటే బొటనవేలు పూస మీద నుంచి పక్కకి దొర్లింది. దేవుడు చూశాడో లేదో. నూట ఎనిమిదికి బదులు ఎన్నయ్యాయో తెలియలేదు, మళ్లీ మొదటి నుంచి చేశాను. మళ్లీ దొర్లింది.

జూన్ 13, గురువారం
మధ్యాహ్నం 3:00. పొద్దుటి డ్యూటీ దిగి ఆయన ముందే వచ్చేశారు. గుమ్మంలో నిలబడి ఎంతసేపు చూశారో.
"ఏమే, తుడవడం అంటే ఇదేనా?"
"పరీక్షకి మొహం చెల్లాలి కదండీ."
"ఒట్టు పెట్టుకున్నావుగా."
"పరీక్ష వేళ తప్ప ముట్టనన్నాను. ఇప్పుడు నన్ను నేను పరీక్షించుకుంటున్నాను."
ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "కుడివైపు నుంచి పోవే, ఇలా అయితే బస్సు తిరగదు" అని సలహా! ముప్పై ఏళ్లుగా ఒకటే రూట్‌లో వెళ్లి వచ్చే మనిషి నాకు దారి చెబుతున్నారు.
పిల్లలకి చెప్పనన్నారు. చెప్పకపోవడం ఆయనకి కొత్త కాదు. ఆయన ఏదీ చెప్పరు.

జూన్ 15, శనివారం
ఈవేళ వాడి దెబ్బ తప్పించుకోబోయి వెనక్కి తిరిగి పరిగెత్తాను. లోపలికి వచ్చిన గేటు దగ్గర నేల మీద ఏదో కొండలా కనిపించింది. దగ్గరికి వెళ్లి చూద్దును కదా, చెప్పులు! జతలు జతలుగా, ఒకదాని మీద ఒకటి. ఇంకోసారి చచ్చి, మళ్లీ వెళ్లి చూశాను. పైన ఒక జత పెరిగింది.
చచ్చినప్పుడల్లా ఒక జత. అమ్మాయి బొమ్మలు వేసినప్పుడు ఎప్పుడో పెట్టి ఉంటుంది. "చెప్పులు బయట విడిచి రా" అని చిన్నప్పుడు దాని వెంట ఎన్నిసార్లు పడ్డానో, నా మాటే ఇలా తిరిగొచ్చింది.
ఆ కొండంతా నాదే. పరీక్షల్లో చచ్చినవి ముప్పై ఏడు. ఆ కొండలో ముప్పై ఏడు ఓ మూలకి చాలవు.
ఆట మొదలైనప్పుడు ఆ గేటు మన వీపు వెనకాల ఉంటుంది. ఎవరూ వెనక్కి తిరగరు. నేనూ ఇక తిరగను.

జూన్ 16, ఆదివారం
దొర్లడానికి ఉన్న వ్యవధిని సగానికి సగం కోసేశాడు అల్లుడు. ఐదు చావులు. గెలిచాను.
అమ్మాయి గొణిగింది: "నాకే కుదరట్లేదు, అమ్మకెలా కుదురుతోంది?"
"నువ్వు బద్ధకస్తురాలివి, అత్తయ్య శ్రద్ధగా చూస్తారు" అన్నాడు అల్లుడు.
నేను తల వంచుకుని నవ్వాను. సిగ్గులేని నవ్వు. రాసుకుంటున్నాను కదా, నిజం రాసుకోవాలి.

జూన్ 19, బుధవారం
వాడి బలం రెండింతలు చేశారు. మూడు చావులు.
అమ్మాయి సాయంత్రం మళ్లీ తేలిక పద్ధతి మాట ఎత్తింది. నేను, మూడో మాట ఇచ్చిన నేను, అన్నాను: "అవసరం లేదమ్మా. చేతకానివాళ్లు ఆడకపోతే పోయె."
ఇద్దరూ నోరు తెరిచారు. అల్లుడు చప్పట్లు కొట్టాడు. ఆయన గ్లాసు పక్కనబెట్టి నా వంక ఒక్క చూపు చూశారు. ఏమీ అనలేదు. అదే ఆయనలో చెడ్డ గుణం, అనాల్సినప్పుడు అనరు.
చేతకానివాళ్లట! ఈ మాట పద్నాలుగుసార్లు చచ్చిన రోజు నాకెవరైనా చెప్పి ఉంటే?

ఒట్టు లెక్క: ముట్టను (రోజూ). అడగను (రెండో గేటు గురించి రెండుసార్లు అడిగాను). వేలు పెట్టను (చెయ్యే పెట్టాను).
రేపటి నుంచి గట్టిగా ఉండాలి.

జూన్ 20, గురువారం
2:10 నుంచి 4:45. రేపటి నుంచి.

జూన్ 23, ఆదివారం
రెండే చావులు! అల్లుడు నోట్‌బుక్ మూసి, "సిద్ధం" అన్నాడు. ఆవిడ శుక్రవారం వస్తుంది.
అమ్మాయి అన్నం కెలికి లేచిపోయింది. "నా బొమ్మ నాకే అర్థం కావట్లేదు. నాకీ పని రాదేమో అమ్మా" అంది.
"ఊరుకో, అంతా బాగుంటుంది" అన్నాను.
రాత్రి పడుకునే ముందు దీపం వైపు చూడలేకపోయాను.

జూన్ 25, మంగళవారం
సాయంత్రం 5:30. కండక్టర్ వచ్చాడు. ఆయన బస్సులోనే పని. పదిరోజుల కింద ఇచ్చిన ప్యాంటు కోసం.
"వదినగారూ, ఇవాళైనా దయ చూపిస్తారా? డిపోలో పాత ప్యాంటుకి పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నాను."
దయ చూపించాను. వేసుకుని బయటికి వచ్చాడు. ఒక కాలు మడమ దాకా ఉంది, రెండోది పిక్క దగ్గరే ఆగింది.
"ఇది ఫ్యాషనా వదినగారూ, లేక నేనే ఒక పక్క పెరిగానా?"
ముప్పై ఏళ్లలో అలా కుట్టలేదు. ఏ మధ్యాహ్నం కుట్టానో నాకు తెలుసు.

సరిచేసేదాకా కూర్చోమంటే, అమ్మాయి అతన్ని ముందుగదికి తీసుకెళ్లింది. "బాబాయ్, ఎప్పుడైనా గేమ్ ఆడారా? లేదా? అయితే ఒక్కసారి మా తాళాలాయన్ని చూడండి."
మిషన్ ముందు కూర్చుని వింటూనే ఉన్నాను. ఒకటి. రెండు. ఐదు. "కొట్టేముందు కాస్త చెప్పి కొట్టొచ్చుగా, ఈయన మా డిపో మేనేజర్‌కి అన్నలా ఉన్నాడు" అని మొదట్లో జోకులు. పదిహేను దాటాక జోకులు ఆగాయి. ఇరవై ఆరో చావుకి కంట్రోలర్ బల్ల మీద పెట్టి, "నా వల్ల కాదమ్మా, ఏమనుకోకు" అన్నాడు చాలా మర్యాదగా. నవ్వి ఉంటే బాగుండేది.

6:20. అమ్మాయి ఏడుపు. "చూశావా? ఒక్క దెబ్బ వెయ్యలేకపోయాడు! ఆవిడ కూడా ఇంతే, ఐదు నిమిషాలకి లేచిపోతుంది."
"ఇతనికి చేతకాలేదు. అత్తయ్య గెలవట్లేదా?"
"అమ్మ గెలిస్తే సరిపోతుందా? గేమ్ అంతా అమ్మ కొలతకి కుట్టావు!"
"అయితే తప్పంతా నాదే అను."
"అనక్కర్లేదు. ఆవిడకి ఫోన్ చేసి రావద్దని చెప్పు. నేను ఆ ఊరు వెళ్లి చేరిపోతాను."
"వెళ్లు. నేనూ వెళ్తాను."
అల్లుడు నిజంగానే ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. కండక్టర్ పిన్నీసు ప్యాంటుతో గోడకి అతుక్కుపోయాడు. ఆయన గుమ్మంలో నిలబడి నా వంక చూశారు. ఈసారి అన్నారు: "ఏమే."
ఆ ఒక్క ముక్కే.

నేను వెళ్లాను. మాట మెల్లిగానే వచ్చింది. నేనెప్పుడూ గట్టిగా మాట్లాడనని అందరూ అంటారు. ఆ క్షణంలో అది మంచితనం కాదు.
"బాబూ, ఫోన్ పెట్టెయ్. ఆ బొమ్మని ఒకసారి వెనక్కి తిరగమను."
"ఎందుకత్తయ్యా?"
"తిరగమను."
తిప్పాడు. చెప్పుల కొండ. గేటు సగం కనపడటం లేదు.
"నేనేదో సరదాకి పెట్టాను, ఉందనే మర్చిపోయాను" అంది అమ్మాయి. "ఇన్నా? ఈ కంప్యూటర్ అమ్మ తప్ప ఎవరూ ముట్టరే!"
అల్లుడు లెక్క తెరిచాడు. ఆరువందల పదిహేడు జతలు. నోట్‌బుక్ తీశాడు. "పరీక్షల్లో నలభై ఏడు. ఈయనవి ఇరవై ఆరు. మిగతా ఐదువందల నలభై నాలుగు?"
"నావే బాబూ. మధ్యాహ్నాలు."
ముందు తేరుకున్నది కండక్టర్. "ఐదువందల నలభై నాలుగుసార్లు చచ్చారా వదినగారూ? నేను ఇరవై ఆరుకే ఇంట్లోవాళ్లకి ఏం చెప్పాలా అనుకున్నాను."
అమ్మాయి ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత నన్ను తిట్టింది. "మూడు రోజులుందమ్మా! మూడు రోజులు! నేను పనికిరానిదాన్నని అనుకుంటుంటే నువ్వు అక్కడ కూర్చుని అన్నం వడ్డించావు!"
నిజమే. వడ్డించాను. "ఊరుకో" అని కూడా అన్నాను.
థర్మామీటర్ని నేనే వేణ్నీళ్లలో ముంచాను. అది చూసి వాళ్లు పిల్లకి జ్వరమనుకున్నారు.

8:00. అల్లుడు వంటింట్లోకి వచ్చాడు. నా మొహం చూడకుండా అడిగాడు: "గలగల తీసేశాక ఎలా తప్పించుకున్నారు?"
"ఎడమ భుజం బాబూ."
"అది నేను పెట్టింది కాదు. తను వేసిన బొమ్మలో ఉంది" అన్నాడు.
"అది దానికి చెప్పు. నాకెందుకు?"
వెళ్లి చెప్పాడు. ముందుగదిలోంచి చాలాసేపు మాటలు వినిపించాయి. వాదనే. కానీ ఈసారి ఇద్దరూ ఒకే వైపు నుంచి.

జూన్ 27, గురువారం
గలగల తిరిగి వచ్చింది. దొర్లే వ్యవధి పాతదే. బలం పాతదే. తేలిక పద్ధతి లేదు. బదులుగా, పదిసార్లు చచ్చినవాడికి గలగల ఇంకాస్త ముందు వినిపిస్తుంది. వాడి దెబ్బ మాత్రం తగ్గదు. ఇది అమ్మాయి ఆలోచన. అల్లుడు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ మొహం ఎలా పెట్టాడో రాయను, పాపం.
కండక్టర్ మళ్లీ ఆడాడు. పదమూడోసారి గెలిచి, రెండు కాళ్లూ సమానంగా ఉన్న ప్యాంటులో గంతులేశాడు.
"చెప్పులు తీసేస్తానమ్మా, ఆవిడ ముందు పరువు పోతుంది" అంది అమ్మాయి.
"ఉండనీ" అన్నాను. పరువు ఇంకా ఉందనుకుంటోంది.

జూన్ 28, శుక్రవారం
ఆవిడ వచ్చింది. నా వయసుదే, మాట తక్కువ. తొమ్మిదిసార్లు చచ్చింది. వాచీ చూసుకుంది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.
ఆవిడ బొమ్మని వెనక్కి తిప్పింది. పారిపోదామని కాబోలు. గేటు దగ్గర ఆగింది.
"ఇవన్నీ ఏమిటి?"
"ఇక్కడ చచ్చినవాళ్ల చెప్పులండీ" అంది అమ్మాయి.
"ఇంతమంది ఆడారా?"
"దాదాపు అన్నీ ఒక్కరివే. మా అమ్మవి."
ఆవిడ తల తిప్పి నన్ను చూసింది. నా మెళ్లో కొలత టేపు వేలాడుతోంది. ఏం చెయ్యాలో తెలియక దండం పెట్టాను.
ఆవిడ వాచీ విప్పి బల్ల మీద పెట్టింది. మళ్లీ తాళాలాయన వైపు తిరిగింది.
పన్నెండోసారి వాడు పడ్డాడు. ఆవిడ అరిచిన అరుపుకి ఆయన వీధిలోంచి పరిగెత్తుకొచ్చారు.
ఏడు గేట్లూ పూర్తి చెయ్యండి, తీసుకుంటాం అంది. చెప్పులు మాత్రం తీయొద్దంది.
ఉత్తరాలు రెండూ అమ్మాయి చింపేసింది. ముక్కలు నేనే ఊడ్చాను. ఈసారి నిజంగా ఊడ్చాను.

జూన్ 30, ఆదివారం
ఉదయం 6:00. స్నానం, దీపం, జపం. బొటనవేలు కుదురుగానే ఉంది. దేవుడికి క్షమాపణ చెప్పుకుని మళ్లీ మాట ఇచ్చాను. రెండో గేటు కాపలావాడు సగం తయారయ్యాడు. నా చెయ్యి ఇక కొత్తది కాదు, పనికిరాదు. కొత్తచెయ్యి ఇప్పుడు ఆయన. అరగంట, ఆదివారం, బుధవారం. నేను:
- ముట్టను.
- అడగను.
- ఆయనకి ఒక్క ముక్క చెప్పను.
ఇదీ ఒక ఒట్టేనా! ముప్పై ఏళ్లుగా నేను చెప్పినదేదీ వినని మనిషికి చెప్పకుండా ఉండటం ఎంతలో పని?

10:20. మొదటి పరీక్ష. ఆరుసార్లు చచ్చారు. బస్సు నడిపినట్టే ఆడుతున్నారు, ఎదురుగా ఉన్నవాడే తప్పుకోవాలని. వీడికీ ముందు భుజమే లేస్తుంది, అటు కన్నెత్తి చూడరు!
10:26. పదకొండు. కళ్లు ఎక్కడ పెట్టుకున్నారో మనిషి.
10:31. నేనేమీ చెప్పలేదు. దగ్గాను, అంతే. వాడి భుజం లేచినప్పుడల్లా దగ్గు వస్తే నేనేం చెయ్యను?